కాటమయ్య పున్నమి పాశం

బుద్ధపున్నమంటే ఏందని నన్నడుగుతున్నవా దివాకరూ? మంచిగున్నదిరా! పొద్దుగాల దిబ్బ కాడ షామియానేసి మీ తాత పరశురాములు మైకుల గంటసేపు చెప్పిండు గదా. ఇనలే? ఫోన్ల ఉన్నవా. కూసో, నీ బండి పంచరు అతికేదాంక చెప్త. నాకు చెప్పింది కాటమయ్య. మాలవాడల ఉండెటోడు, నువ్వు పుట్టకముందే పోయిండు. పట్నంల ఇండ్లు గట్టే పనికి పోయి బుద్ధుని సంగతి నేర్చుకొనొచ్చిండు. "అమ్మదన్నా, మన ఇటుకల దిబ్బ ఉత్త దిబ్బ గాదే, ఎన్కట బుద్ధునోళ్లు మొక్కిన జాగా" అని నాతోని అంటుండె. గప్పటిదాంక గా దిబ్బ ఇటుకలు పీకి గొడ్ల కొట్టాలు గట్టుకున్నం, మాకేమెరుక. గది ఇడిసిపెట్టు. ఏం జెప్తున్న... ఆఁ, పున్నమి. బుద్ధుడు వైశాఖ పున్నమికే పుట్టిండట, గా నాడే రావిచెట్టు కింద తెలివైందట, గా నాడే పోయిండట. గని కాటమయ్యకు నడిమిదే పండుగ. ఉపాసాలుండి బొక్కలు తేలినోనికి సుజాత అని ఒక పిల్ల పాలు, బియ్యం పోసి వండిన పాశం దెచ్చిచ్చిందట. తిన్నడు. ఎంట ఉపాసమున్న ఐదుగురు "వీడు చెడిపోయిండు" అని ఇడిసిపోయిండ్రట. "ఎవరి చెయ్యి అని అడగకుంట తిన్నడన్నా, తిన్నంకనే తెలివైంది" అనెటోడు.

గందుకే ఏటా బెల్లం పాశం వండి, మోదుగాకు డొప్పలల్ల పోసి వాడలకెల్లి ఊర్లకు తెచ్చెటోడు. ఊరోళ్లు ఒక్కరన్న తన ముంగట తినాలె, గంతే ఆశ. "అరుగు కింద పెట్టిపో కాటా" అందురు. మలుపు తిరగంగనే కుడితిల ఒంపుదురు. ఆయనకు తెల్వదా? తెలుసు. "మన ఊర్ల ముందుగాల బర్లకే తెలివొచ్చెటట్టుందన్నా" అని నవ్వెటోడు. నేను తింటుంటి. "తురకోడు ఎవరిదైనా తింటడు" అందురు. కాటమయ్య సుత "నీ సంగతి గాదులే అన్నా" అనె. గా మాట పడ్డా, డొప్ప ఊడ్చుకొని తిన్న. ఒక ఏడు తిన్నరు. ఎవరో ఎర్కేనా? మీ అమ్మ. కౌసల్య. గప్పుడు గింతంత పిల్ల. అరుగు దిగొచ్చి, డొప్ప అందుకొని, ఆయన ముంగటనే నాకి నాకి తిన్నది. ఆయన కండ్లల్ల నీళ్లు. గంతల మీ తాత రానే వచ్చిండు. పిల్ల నోట్ల వేలు పెట్టి కక్కించిండురా. పేడనీళ్లు తాగించిండు. పిల్ల ఒర్రుడు మాలవాడ దాంక ఇనవడ్డది. మరుసటేడు కాటమయ్య పొయ్యి ముట్టియ్యలే. "తిన్న పిల్లకే దెబ్బలు పడ్తె, నేనెట్ల వండాలె అన్నా?" అన్నడు. గా ఎండకాలమే పోయిండు. దిబ్బ పక్కన బొందవెడ్తమంటే గా జాగ సుత ఊరోళ్లు ఇయ్యనియ్యలే. గిప్పుడు బుద్ధుని జాగా అని సర్కారు బోర్డు వెట్టినంక దిబ్బ కమిటీకి మీ తాతనే పెద్ద. ఇయ్యాల గంటె పట్టి పాశం పోసింది ఆయనే. "బుద్ధుడు మనోడే" అన్నడట మైకుల. ఊరంత లైను గట్టి తిన్నది. మీ అమ్మ రాలే గదా? ...నడుము నొస్తాందన్నదా. ఏటా గీ పున్నమికే నొస్తదా? ...ఊఁ. ...ఏందిరా గట్ల చూస్తున్నవ్? నీ ఎనుక టైరు సుత అరిగింది. ఇసుకల జారుతది, జర పైలం.