అతుకు మీద అతుకు

వీధి మలుపులో నీళ్ల పైపు మళ్లీ పగిలింది. గుంటలో, మోకాళ్లదాకా బురదలో కుళాయిల మేస్త్రి. ఈసారి వార్డులో ఇప్పటి కౌన్సిలరు మీద పోటీకి నిలబడ్డది అతనే. గట్టు మీద కరపత్రాల కట్టతో అతని బావమరిది. రేపే ఓట్లు.

"పైకి రా బావా, నీకు దణ్ణం పెడతాను. ఇంకా రెండు వీధులు తిరగాలి."

"ఆ రబ్బరు ముక్క ఇటు పడెయ్."

"పడెయ్యను. కారనీ. రేపు పొద్దున కుళాయిలో బురద పడితే అప్పుడు తెలుస్తుంది జనానికి, కొత్త పైపు ఎందుకు కావాలో. నీ నోట రాని మాట ఆ నీళ్లే చెబుతాయి."

"పక్కనే మురుగు కాలవరా. పసిపిల్లలు తాగే నీళ్లు."

"పోయినసారీ ఇదే మాట. అంతకుముందూ ఇదే. అతుకు మీద అతుకు. ఇది పైపా, బొంతా?"

"బొంతే. అందుకేగా పోటీకి దిగింది. ఎక్కడ పట్టుకున్నా పొడి రాలుతోంది, ఇక కట్టు నిలిచే చోటు లేదు. మొన్న నీ మేనకోడలు వాంతులతో పడుకుంటే, వచ్చి చూద్దును కదా, నేను కట్టిన అతుకే కారుతోంది."

"మరి ఈ మాట గుమ్మాల దగ్గర చెప్పవేం? 'నమస్కారమండీ, కాస్త చూడండి' అంటావు. ఏం చూడాలి వాళ్లు, నీ మొహమా?"

"నాకు మాటలు రావురా."

"ఓట్లూ రావు."

"అదేం? ఏ ఇంటికెళ్లినా కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చారు."

"వేశారు, ఇచ్చారు. ఓటు మాటెత్తగానే ఒకడు చెప్పులు వెతుక్కున్నాడు. ఒకావిడ పొయ్యి మీద పాలన్నది. టైలరైతే నీ చొక్కా గుండీ ఊడిందన్నాడు. వేస్తామని ఒక్కరన్నారా?"

"వెయ్యం అని కూడా అనలేదుగా."

"నీతో వేగలేను బావా! అదిగో, పెద్దమ్మ వస్తోంది. ఈ వీధి ఆవిడ మాట జవదాటదు. పైకొచ్చి గట్టిగా అడుగు."

"పట్టు వదిలితే చిమ్ముతుంది. ఆ రబ్బరు ముక్క ఇచ్చి నువ్వే అడుగు."

"ఏం నాయనా, మళ్లీ దిగావా? నువ్వు లేకపోతే ఈ వీధి ఏమైపోవాలి!"

"ఆ మాటేదో రేపు ఓటు డబ్బాతో చెప్పు పెద్దమ్మా. బావకేగా మీరంతా?"

"ముందు పని కానివ్వు బాబూ. ఎసరు పెట్టాలి."

"చూశావా బావా, ఎసరు! అవతలాయన ఏమైనా ముట్టజెప్పాడా పెద్దమ్మా? బెదిరించాడా?"

"ఛీ, నోరు కడుక్కో. ఆ కౌన్సిలరు మా గడప తొక్కితే ఒట్టు. పోయిన ఎండల్లో చుక్క నీళ్లు రాక ఏడిస్తే, మా మొహం చూశాడా ఆ మహానుభావుడు?"

"మరి బావ ఏం పాపం చేశాడు?"

"పాపమా... అడక్కు బాబూ."

"వదిలెయ్‌రా. పెద్దమ్మా, ఆగింది. వెళ్లి కుళాయి తిప్పు, తేటగా వస్తున్నాయేమో చూడు."

"వస్తాయిలే, నీ కట్టు నాకు తెలీదా? నాయనా... నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. నిన్న వీధంతా మా మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం."

"చెప్పు పెద్దమ్మా, నేనేం అనుకోను."

"గెలిస్తే ఏం చేస్తావు నువ్వు?"

"కొత్త పైపు వేయిస్తాను. ఇక పగిలే బాధే ఉండదు."

"ఆయనా అదే అన్నాడు. ఇక్కడే నిలబడి, నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు."

"నేను ఆయన్ని కాను కదా."

"కావు. అందుకే మా భయం. గెలిచినవాడు మళ్లీ ఈ గుంటలో దిగడు నాయనా. నిన్ను పోగొట్టుకోలేం. అందరం ఆయనకే వేస్తున్నాం."