ఖైరుల్లా మామయ్య తుమ్ములు

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది మా మేనత్త గౌహర్. పుస్తకం రాసిన ఆ పంతులు కాదు. ముందు అది గుర్తుపెట్టుకో నాయనా. కూర్చో. చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగు, అలా గ్లాసులో వేసి కలిపితే మా ఊళ్ళో నవ్వుతారు. ఆ నవలనే మీరు సినిమాగా తీస్తున్నారటగా? బావి సీను రేపేనా? ఆఁ, అందుకే కబురు పెట్టాను. నాకు సంతకం గీయడమే వచ్చు, మనవరాలు చదివి వినిపించింది. పేర్లు మార్చాడులే. అయినా అందులో పిరికి మేస్త్రీ మా అత్త మొగుడు ఖైరుల్లాయేనని యజ్ద్ పట్నం దాకా తెలుసు. ఇప్పటికీ మావాళ్ళెవరైనా రొట్టెల కొట్టుకెళితే వెనకనుంచి కుర్రకుంకలు "హాఛ్!" అంటారు.

ఏం రాశాడు? కనాతు తవ్వుతుంటే, అదే, భూమి కింద నీళ్ళ కాలువ, మన్ను కూలిందట. శిష్యుడు లోపల చిక్కుకున్నాడట. మేస్త్రీ ఆ కాలువలోకి దిగే బావి అంచున ఒక్క తుమ్ము తుమ్మి, అపశకునమని కూలబడ్డాడట. శిష్యుడు ఊపిరాడక పోయాడట. టెహ్రానులో ఆడవాళ్ళు చదివి ఏడ్చారట. ఏడవరూ మరి!

జరిగింది విను. మామయ్య తెల్లబట్టల్లో ఉన్నాడు. కనాతు పనివాళ్ళంతా తెల్లవే వేసుకుంటారు, లోపలే పోతే వేరే కఫను గుడ్డ అక్కర్లేకుండా. అంచున కాలు పెట్టాడు, తుమ్మాడు. నిజమే, తుమ్మాడు. అంత దుమ్ము లేస్తే తుమ్మడా? మనుషుల్ని తాడుతో దింపే రాట్నం దగ్గర రజబలీ అనేవాడు, తాడు బిగబట్టేశాడు. "తుమ్మొచ్చింది ఉస్తాద్, ఆగాలి. నీ ఉసురు నాకొద్దు." "ఒరేయ్, కింద కుర్రాడున్నాడురా!" "రెండోది రానీ, దింపుతా." రెండోది వస్తే దోషం పోతుందిగా. అత్త తెచ్చిన రొట్టెల మూటలో మిరియాల పొడి ఉంది. మామయ్య చిటికెడు ముక్కులో కొట్టాడు. వచ్చింది రెండోది. "దింపరా!" అనేలోపే మూడోది. రజబలీ మళ్ళీ పట్టేశాడు. ఇంక ఆగితేనా! పక్కవాడు "సరి" అంటాడు, రజబలీ "కాదు, బేసి" అంటాడు, అదో పంచాయితీ. అత్త రజబలీ గొంతు ముక్కుతో తీసి చెబుతుంటే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆఖరికి మామయ్య కళ్ళూ ముక్కూ కారుతూ, "మీ లెక్క తేలాక చెప్పండి" అని తాడు వదిలేసి, బావి గోడలో కాలు పెట్టే గుంటలు పట్టుకుని దిగిపోయాడు. తుమ్ములు లోపల్నుంచి వినబడుతూనే ఉన్నాయట. ఒకటి ఆలస్యమైతే చాలు, అత్త గుండె ఆగిపోయేదట. మన్ను చేతుల్తో తోడి, కుర్రాణ్ణి బయటికి లాగి, తాడు వేయమని అరిచాడు. ఖాళీ తాడు దింపడానికి మాత్రం తుమ్ము అడ్డం కాదట రజబలీకి!

పంతులు టీకొట్లో అడిగింది ఆ రజబలీనే. తాడు బిగబట్టింది నేనేనని వాడు చెబుతాడా? పంతులు మా ఇంట్లోనే అద్దెకుండి మా దానిమ్మలు తిన్నాడు, మా అత్తని ఒక్క మాట అడగలేదు. ఆ దానిమ్మలు నేను వాడికి హలాల్ చెయ్యను, ఆ రుణం మాఫీ చెయ్యను, ఆ లోకంలోనైనా సరే.

ఏమిటీ? కుర్రాడు పోతేనే కథ రక్తి కడుతుందా? సరే నాయనా. ఆ కుర్రాడి పేరు హైదర్. మా అత్త తమ్ముడు. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. మా నాన్న. ఇదిగో, నేను నీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. మీ డైరెక్టరుకి చెప్పి అది దిద్దించు. తుమ్ములు ఎన్నైనా పెట్టుకోండి, మామయ్య దిగాడని మాత్రం చూపించండి.