దిగుడులో బేరం

చల్లటి గదిలో కూర్చోబెట్టి, బొటనవేలంత కప్పులో టీ పోసి ధర చెప్తే అది బేరం అవుతుందా నాయనా? టై కట్టుకున్న నీ మేనేజరు "ఫైనల్ సార్, ఫైనల్ సార్" అని అరగంట నా బుర్ర తిన్నాడు. ఫైనలట! బండి కదలకుండానే ఫైనలేంటి?

"నువ్వు" అని పిలిచానని మొహం అలా పెట్టకు. షోరూముకి ఓనరువైతే కావచ్చు, వయసులో నా కొడుకంతవాడివి.

మా లారీవాళ్ళ పద్ధతి ఇదీ. బండి నిండా కంకర వేయించి, కొనేవాడు తోలాలి, అమ్మేవాడు పక్కన కూర్చోవాలి. ధర రోడ్డు మీదే తేలాలి. ఖాళీ బండి ఎవడి మాటైనా వింటుంది. లోడు పడ్డాకే దాని గుణం బయటపడేది. మా తమ్ముడు ఇవన్నీ పాతకాలం మాటలని నవ్వి, నీ గదిలోనే బేరం కుదుర్చుకొచ్చాడు.

బెల్టు పెట్టుకో. నాకెందుకులే.

ఊఁ... ఇంజను బాగుంది. కొండ ఎక్కేశాం, ఎక్కడా రొప్పలేదు. ఇప్పుడు చెప్పు ధర.

అంతేనా తగ్గించేది? సరే, దిగుదాం.

అదిగో, కింద మలుపు దగ్గర తెల్ల సున్నం వేసిన గోడ చూశావా? కొత్తది. పాతది మా తమ్ముడి లారీతో పాటే లోయలోకి పోయింది. పోయిన వానాకాలం. నీ షోరూములో వేసిన పూలదండ అప్పటికింకా ఆ లారీ మీదే ఉంది.

గుర్తొచ్చిందా? వాడు నీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. బ్రేకు మీద కాలు పెడితే లోపలికి జారిపోతోంది సార్ అన్నాడు. నువ్వేమన్నావు? "కొత్త బండి కదా, నాలుగు లోడ్లు తోలితే సర్దుకుంటుంది" అన్నావు. నేనూ ఉన్నా ఆ పూట. నా వంక చూడనైనా లేదు నువ్వు. కుర్చీ వెయ్యమని ఎవరికీ చెప్పలేదు. నుంచోబెట్టావు నన్ను! అదీ మర్చిపోలేదు.

నాకు సంతకం తప్ప రాదు. ఇంటికి ఏ కాగితమొచ్చినా వాడే చదివి పెట్టేవాడు. ఇప్పుడు కరెంటు బిల్లొస్తే పక్కింటావిడని బతిమాలుకోవాలి. నేను! బతిమాలడం!

ఏంటీ, లక్షన్నర తగ్గిస్తావా? అబ్బో! బండి వేగం పెరిగేకొద్దీ నీ చెయ్యి పెద్దదవుతోందే!

ఏయ్, స్టీరింగు ముట్టుకోకు. ఇద్దరు పట్టుకుంటే తిన్నగా లోయలోకే.

గేరా? న్యూట్రల్లో ఉంది. నేనే తీశా. గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచితే బ్రేకు సంగతి తెలిసేదెట్లా?

సగం ధరా? ఛీ! నేనడిగేది ధర కాదయ్యా. ఒక్క ముక్క. మా వాడి బండికి బ్రేకు బాగోలేదని నీకు ముందే తెలుసా, తెలీదా?

ఏడవకు. ఏడిస్తే మాట అర్థం కాదు. గోడ దగ్గరికి వచ్చేస్తోంది, త్వరగా కానియ్.

గట్టిగా చెప్పు.

ఆఁ... తెలుసంటావు. మెకానిక్కు చెప్పాడు. పార్టు రావాలన్నాడు. అది వచ్చేదాకా ఆపితే ఆ నెల అమ్మకం తగ్గిపోతుందని తాళాలు చేతిలో పెట్టి పంపేశావు. తాళాలిస్తూ మిఠాయి పొట్లం కూడా ఇచ్చావు కదూ? ఇంట్లో అందరం తిన్నాం.

సరే. గట్టిగా పట్టుకో.

...

కళ్ళు తెరువు. ఆగిందిగా! గోడకీ మనకీ మధ్య ఇంకా ఓ మనిషి నడిచిపోవచ్చు. మంచి బ్రేకులే. నువ్వెక్కే బండికి బాగానే ఉన్నాయి.

దిగు. నడిచిపో. నీ బండి నాకక్కర్లేదు, ఊరికే ఇచ్చినా వద్దు. పోలీసులకి చెప్పుకుంటావా, చెప్పుకో. నేనెందుకలా తోలానని అడుగుతారు. అప్పుడేం చెప్తావో నేనూ వింటా.

దణ్ణం పెడతావేంటి? జాలిపడి ఆపాననుకున్నావా? నిజం ఒప్పుకున్నావని వదిలేశాననుకున్నావా? నువ్వు ఒప్పుకున్నా, లేకపోయినా ఆపకూడదనే ఎక్కాను నాయనా. పొద్దున ఇంట్లో దీపం కూడా ఆర్పేసి వచ్చా.

కాలే నా మాట వినలేదు. ఇన్నేళ్ళు లారీ తోలిన కాలు... ఎదురుగా గోడ కనపడగానే నన్నడక్కుండా నొక్కేసింది. వెధవ కాలు.