అమ్మోరి చెంప మీద గుంత

రాండి, రోంత దగ్గరికి జరగండి. ఏమ్మా, నువ్వేగా అడిగితివి, దేవుని గూట్లో అమ్మోరి ఫోటోకు చెంప మీద ఆ గుంత ఏందవ్వా, ఫోన్లో తీసేద్దామా అని? వద్దు తల్లీ, చెయ్యి పెట్టద్దు. కూచ్చో, చెప్తా.

మీ తాతకు పెనుకొండలో ఫోటో స్టూడియో ఉండె. ఫోటోలు దిద్దే కంప్యూటరు అప్పుడు ఈడ లేదు, ధర్మవరంలో... కాదు కాదు, హిందూపురం ల్యాబులో ఉండె. రొద్దం పక్క ఒగ పల్లె పెద్దమనుషులు, జాతరకు ఇంటింటికీ పంచల్లని అమ్మోరి ఫోటో తీయించిరి. చూసి, మొగం నల్లగా ఉండాది, చెంప సొట్టగా ఉండాది, నున్నగా చేయప్పా అనిరి. ఈయన నున్నగా చేయించె. కండ్లు గూడా తెల్లగా మెరిసేటట్ల దిద్దించె. అందరూ భలే ఉండాదని ఇంటింటికీ పంచిరి.

ఆ పల్లె గుళ్లో పూజ చేసే అవ్వ ఒకామె ఉండె, చూపు సరిగ్గా ఆనదు. ఫోటో కంటి దగ్గర పెట్టుకొని చూసి, "ఈమె ఎవురప్పా? మా యమ్మ కాదు" అనె. నాగలి తగిలి భూమిలోంచి బయటపడిన అమ్మోరంట, ఆ దెబ్బే చెంప మీది గుంత.

ఆ పల్లె నుంచి మీ తాత ఇల్లు చేరేసరికి మీ యమ్మకు జ్వరం. ఆరేండ్ల పిల్ల అప్పుడు. తెల్లారేసరికి ఒళ్లంతా అమ్మోరు పోసె. రెప్పల మీద గూడా పొక్కులు, కండ్లు రెండూ అతుక్కపాయ. డాక్టరు మందు ఇచ్చి, వాపు తగ్గితే గానీ చూపు సంగతి చెప్పలేననె. గడపకు యాపమండలు కట్టి, పోపు తిరవాత పెట్టకుండా వండి, దీపం ఆరనీకుండా కూచ్చుంటి. పక్కింటామె వాకిట్లో నిలబడి, "ఏమన్నా, అమ్మోరికే మొగం మారిస్తివంట?" అని నవ్వె. మిట్టమధ్యాన్నం పాప "నాయనా, లైటు ఎయ్యి" అనె.

యాడన్నా దాక్కుందామా అనిపిస్తాది కదా ఎవురికైనా? ఈయన బస్సెక్కి ఆ పల్లెకే పాయ. అవ్వ ముందర కూచ్చొని, "యాడ తప్పితినో నువ్వే చూపించవ్వా" అనె. ఆమెను హిందూపురం పిల్చుకొని పాయ. చెప్పులు బయట ఇడిచి వచ్చెనంట ల్యాబులోకి, గుడికొచ్చినట్ల. మొదటి ఫోటోలో ఫ్లాష్ ఎలుగు పడి గుంత సగం మాసిపోయుండె. ఎంత ఉంటాదవ్వా అంటే, ఆమెకూ భయమే. "తేరిపార చూసిందాన్ని కాదప్పా, పసుపు పూసేదాన్ని" అని, కండ్లు మూసుకొని తన చెంప మీదనే యేలు పెట్టి చూపించె. ల్యాబాయన దిద్దె. రోంత కిందికి అనె. దిద్దె. ఇంత లోతు లేదనె. మళ్లీ దిద్దె. కండ్ల మెరుపు తీసేయమనె. కడాకు ఆ కంప్యూటరుకే చేతులు జోడించె.

పంచిన ఫోటోలన్నీ ఇంటింటికీ పోయి ఎనక్కి తీసుకొని, కొత్తవి ఇచ్చె మీ తాత. తిట్టినోళ్లు తిట్టిరి. ఇంటికొస్తే పాప కండ్లు ఇంగా మూసుకొనే ఉండె.

తర్వాత వాపు తగ్గి ఒగ కన్ను తెరిచె, ఇంగోటి తెరిచె. "నాయనా, ఏడుస్తాండావా?" అనె. అమ్మోరి దయ అంటా నేను, డాక్టరు మందు అంటాది మీ యమ్మ. పోనీ.

ఈ ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి నాయనా. పాప కండ్లు తెరుస్తాదో లేదో తెలీకముందే, వణుక్కుంటానే పోయి అడిగినాడు మీ తాత. మీరూ ఎవురి మొగమైనా దిద్దల్లంటే, ఆ మొగాన్ని రోజూ చేత్తో తాకేటోళ్లను పోయి అడగండి. భయమైతే భయంతోనే పోండి. రేపు మీ పిల్లోళ్లకు గూడా చెప్పండి, ఇట్లా పోయి అడిగినాయన ఒకాయన ఉండె అని...