తలుపు వెనక మూల

హలో… ఆ, నేనే. చెప్పు బావా.

…

ఇంకా నీ వర్క్‌షాపులోనే ఉన్నా. దీన్ని వర్క్‌షాపు అనొచ్చో లేదో మరి… నాలుగు గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది.

…

నేనేం నవ్వట్లేదు. మొహమంతా మసే. నవ్వితే పళ్ళొక్కటే కనిపిస్తాయి.

—

రిపోర్టు నేను రాయను. మా పెద్దసారు రాస్తారు. నీ మరదలినని నన్ను సంతకం దగ్గరికి కూడా రానివ్వరు. పార చేతికిచ్చి బూడిద ఎత్తమన్నారు. మంట ఎక్కడ పుట్టిందో కనిపెట్టే ఉద్యోగం నాది, సొంత బావ షాపులో మాత్రం కూలీనయ్యా.

…

సిగరెట్టు కాదు.

… కాదన్నానుగా. పొద్దుట్నుంచీ నీ ఫర్నిచర్‌కి పాలిష్ పెట్టే మేస్త్రిని పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టించావు, లోపల సిగరెట్టు తాగి తగలబెట్టాడని. తాగుతుంటే చూశావా?

… వాసనొచ్చిందా? బావా, జలుబుతో నీకు కాఫీ వాసనే తెలియట్లేదని నిన్నేగా అక్క అంది.

—

ఆయన సిగరెట్టు ముక్కలన్నీ బయట కుళాయి దగ్గరున్నాయి. ఒక్కటీ లోపల లేదు.

… ఎలాగంటే… విను. మేం తక్కువ కాలిన చోట మొదలుపెట్టి, ఎక్కువ కాలిన చోటికి వెళ్తాం.

… ఆ, జిగురు గది. కప్పు కూలింది అక్కడే. అంతమాత్రాన అక్కడే పుట్టిందని కాదు. మంటకి జిగురు డబ్బాలు దొరికాయి, కడుపునిండా తింది, అంతే. పుట్టిన చోటు గోడ చెప్తుంది. మంట పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కదా, గోడ మీద గరాటు బొమ్మ పడుతుంది. గరాటు కింది కొన ఎక్కడుందో అక్కడ తవ్వాలి. నీ షాపులో అది తలుపు వెనక మూల, నేల దగ్గర ఉంది.

…

షార్ట్ సర్క్యూటా? ఇంతసేపూ సిగరెట్టేగా?

… ఆ మూలకి అసలు కరెంటు తీగే లేదు. మిగతా చోట్ల తీగలు కాలాయి గానీ, షార్టయితే రాగి కరిగి పూసలు కట్టాలి, అలా ఎక్కడా లేదు.

…

ఎదురు షాపాయన మీద పడ్డావా ఇప్పుడు? ఆయన పెట్రోలు పోశాడంటావా? మా కుక్క మూలమూలా వాసన చూసి, విసుగొచ్చి, జీపు కింద పడుకుంది. పెట్రోలు చుక్క ఉన్నా అది ఊరుకోదు బావా. నాకంటే సిన్సియర్.

—

చెప్తా. ఆ మూల ఒక రేకు డ్రమ్ముంది. అడుగున గుడ్డల ముద్ద మిగిలింది. అంచులింకా గుడ్డలాగే ఉన్నాయి, నడుమంతా బొగ్గు. బయట్నుంచి నిప్పు పడితే పైన కాలాలి. ఇది లోపల్నుంచి కాలింది.

… ఎవరూ అంటించక్కర్లేదు. మేస్త్రి ఆ గుడ్డలతో చెక్కకి పట్టించే నూనె ఉంది చూడు, అది ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. విడివిడిగా ఆరేస్తే ఆ వేడి గాలికి పోతుంది. ఒకదాని మీద ఒకటి కుక్కితే ఎటూ పోలేక, లోపల్లోపలే పెరిగి, అదే అంటుకుంటుంది.

…

నిజం. మంత్రం కాదు.

—

ఆగాగు. మేస్త్రి కుక్కాడని నువ్వెలా అంటావు? స్టేషన్లో ఆయన్ని అడిగే వచ్చా. రోజూ పెరట్లో తీగ మీద ఆరేస్తాడట. నిన్నా అలాగే ఆరేసి ఇంటికెళ్ళాడట. తీగ నేనూ చూశా. క్లిప్పులున్నాయి, గుడ్డల్లేవు.

…

తీగ మీంచి గుడ్డలు ఎవరు తీశారు?

…

…

నువ్వే తీశావా? ఎందుకు?

… హోటల్ వాళ్ళు ఆర్డరిచ్చిన ఫర్నిచర్ చూడ్డానికొస్తారని. ఊఁ. వెనకాల చింకి గుడ్డలు వేలాడుతుంటే బాగోదని. ఊఁ. తీసి డ్రమ్ములో… పైన గోనెసంచి కూడా కప్పావా? కనపడకుండా.

… తెలియక చేశావు, ఒప్పుకుంటా. ఇందులో నేరమేం లేదు. సగం మంది వడ్రంగులకి తెలియదు ఈ సంగతి. నిన్నెవరూ జైల్లో పెట్టరు.

… పరువా? కప్పే లేని షాపులో పరువు ఏ మూల దాచావు బావా, నాకెక్కడా కనపడలేదు.

… రిపోర్టు వచ్చేదాకా ఆగుదామా? అది రావడానికి రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఆయనక్కడే కూర్చోవాలా? నీళ్ళిస్తే కూడా తాగలేదు తెలుసా. “ఆ షాపు తలుపులకి నేనే పాలిష్ పెట్టానమ్మా, నేనెందుకు తగలబెట్టుకుంటా” అన్నాడు. పదిమందిలో ఆయన మీద వేలు చూపించావు. ఆ పదిమందిలోనే చెప్పాలి, గుడ్డలు నేనే కుక్కానని. నేను చెప్తే కుదరదు, మా సారు చెప్తే కుదరదు. నువ్వే వెళ్ళాలి. స్టేషనెంత దూరం, మీ సందు చివరేగా. ఇప్పుడే లే. స్నానం, ఇస్త్రీ చొక్కా అని మొదలుపెట్టకు…

బావా, వింటున్నావా? ఏదో ఒకటను.

…

అక్కా? నువ్వెప్పుడు తీసుకున్నావ్ ఫోను?

… మేస్త్రి నీళ్ళు కూడా తాగలేదన్న దగ్గరేనా? మరి తర్వాత నేను చెప్పిందంతా నువ్వు విన్నావా? మధ్యలో ఒక్క మాటన్నా అనొద్దూ?

… బాగా మాట్లాడుతున్నానని ఆపలేదా. సంతోషం.

… బావ చెప్పుల్లేకుండానే స్టేషనుకి వెళ్ళాడా?

… లేదు, భయపడకు, ఏం చెయ్యరు. బాల్కనీలోకి వెళ్ళు. స్టేషను గేటు కనిపిస్తుందిగా. కనిపిస్తోందా?

…

…

బయటికొచ్చారా? ఇద్దరూనా?

… మేస్త్రి వేలెత్తి మాట్లాడుతున్నాడా. బావ?

… చేతులు కట్టుకుని నిలబడ్డాడా. జనం?

… చేరనీ.

—

ఎక్కడికి? వద్దు. నువ్వు దిగొద్దక్కా. మొగుణ్ణి తిడుతుంటే వినలేకపోతే లోపలికెళ్ళి చెవులు మూసుకో. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్నాడాయన, తిట్టనీ. పూర్తిగా తిట్టనీ.

…

సరే, పెట్టేస్తున్నా.

… ఆగాగు. మాటలు వినపడుతున్నాయా అక్కడిదాకా? అయితే ఫోను కాస్త బయటికి పట్టుకో.