తప్పులు చెప్పుకునే సోమవారం

చప్పట్లు కొట్టాడక్కా. అందరికంటే ముందు మా మేనేజరే కొట్టాడు. ఆ చప్పట్లు నమ్మే కదా మాతో పనిచేసే బక్కోడు మునిగిపోయింది.

నీకు చెప్పలేదూ? లిఫ్టులు బాగుచేసే కంపెనీ కదా మాది. ఒకడు చేసిన తప్పు ఇంకొకడు చేయకూడదని ఆయన సోమవారం సోమవారం మీటింగు పెట్టాడు. ఎవరే పొరపాటు చేశారో లేచి చెప్పాలట. చెప్పినవాణ్ణి పల్లెత్తు మాట అనరట. టీ, బిస్కెట్లు కూడానూ.

మొదట్లో అందరం నేలచూపులు చూశాం. బక్కోడొక్కడే లేచాడు. ఒక లిఫ్టులో నట్టు సరిగ్గా బిగించకుండా వచ్చేశానని, ఇంటికెళ్ళాక గుర్తొచ్చి అన్నం ముందునుంచి లేచి పరిగెత్తానని చెప్పాడు. మీరెవరూ ఇలా చేయకండని కూడా చెప్పాడు పిచ్చివాడు. చప్పట్లు. భుజం తట్టడాలు. ఏడాది తిరిగేసరికి మనుషుల్ని తగ్గించాల్సొస్తే ఎవరి పేరు పైకొచ్చింది? నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా అన్నారు. అంతే, వాడు ఇంటికెళ్ళాడు.

ఆ తర్వాత మీటింగు ఆగిందనుకున్నావా? ఎందుకాగుతుంది, ఇంకా బ్రహ్మాండంగా జరుగుతోంది. ఒకడు గ్రీజు గుడ్డ మర్చిపోయానంటాడు. ఇంకొకడు టోపీ పెట్టుకోలేదంటాడు. మన దగ్గర తప్పులు తగ్గిపోయాయని ఆయన పైవాళ్ళకి చెప్పుకుని మురిసిపోతున్నాడు.

నవ్వకు. నేనూ చెప్పాను, స్క్రూడ్రైవర్ పారేసుకున్నానని. అప్పుడది నా జేబులోనే ఉంది.

సరే, నేనొచ్చిన పని చెప్తా. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు కదూ, ఆ పొడుగు బిల్డింగులోకి? మెట్లెక్కి వెళ్ళు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసులే. మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కు.

ఆ లిఫ్టు చూసేది మేమే. కిందటి నెల నేనే చూసి, బ్రేకు బాగానే ఉంది, ఇంకొన్నాళ్ళు నడుస్తుందని చెప్పొచ్చాను. మొన్న అటెళ్తే ఆగాల్సిన చోట ఆగడం లేదు, బెత్తెడు కిందికి జారి ఆగుతోంది. రేపు ఎంత జారుతుందో నాకేం తెలుసు? భయమేస్తోందక్కా.

కొత్త బ్రేకు సామాను అడిగితే నెలకే ఎందుకు పోయిందంటారు. లిఫ్టు ఆపేస్తే ఎందుకాపావంటారు. ఎటు తిరిగినా నేనే సరిగ్గా చూడలేదని నా నోటితో చెప్పాలి. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, ఈ వయసులో నాకింకెవడిస్తాడు ఉద్యోగం?

ఇవాళ మీటింగులో లేద్దామనే అనుకున్నాను. ఒట్టు. బక్కోడు కూర్చునే కుర్చీ ఖాళీగా కనబడింది. బిస్కెట్టు తిని వచ్చేశాను.

నా కింద పనిచేసేవాళ్ళకీ తెలుసు. మొన్న నాతోనే ఉన్నారు. నా మొహం చూశారు, నేనేం మాట్లాడకపోయేసరికి గమ్మున సామాన్లు సర్దుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళకి నేను ఇంత బాగా నేర్పింది ఇంకేదీ లేదు.

అలా చూడకు. మిగతావాళ్ళ సంగతేంటంటావా? ఏం చెప్పమంటావు. నాలాంటి తమ్ముడున్నవాళ్ళు మెట్లెక్కుతారు. లేనివాళ్ళు లిఫ్టే ఎక్కుతారు.