రెండోసారి పాడిన పద్యం

"అమ్మమ్మా, ఇంగ్లండు దొర తీసిన సినిమాలో తాతయ్య ఉన్నారంట కదా?"

ఉన్నారే. ఆ దొరకి వాళ్ళ దేశంలో స్టేజీ నాటకాల్ని సినిమాలుగా తియ్యడమే పనంట, జీవితమంతా అదేనంట. మన రాజోలు చర్చి నాటకం గురించి ఎవరు చెప్పేరో గానీ కెమెరా పట్టుకుని దిగిపోయేడు. దిగేరులే, పెద్దాయన. మా ఆడపడుచు కొబ్బరిబొండం కొట్టిస్తే స్పూను అడిగేరు, అది వేరే సంగతి.

తాతయ్యది రాజు వేషం. అప్పటికే గొంతులో గడ్డ. ఆపరేషనయితే ఇంక మాటే ఉండదని కాకినాడ డాక్టరుగారు చెప్పేసేరు. "సినిమాలోనన్నా నా గొంతు ఉండిపోతే చాలే" అన్నారు నాతో. ఇంకేం కోరలేదు పాపం.

ఆఖర్లో రాజు కత్తిపోటు తిని, పద్యం పాడి చచ్చిపోవాలి. పాడేరు, చచ్చిపోయేరు. జనం "వన్స్ మోర్" అని ఒకటే గోల. మన దగ్గర జనం అడిగితే పాడాలి కదా, పాడకపోతే ఏం మర్యాద? తాతయ్య లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయేరు. ఆ రెండోసారి ఉందే... ఒళ్ళు జలదరించిందనుకో. హార్మోనియం ఆయన వాయించడం మానేసి ఏడ్చేడు.

దొర పక్కనున్న ఇంగ్లీషు మాస్టారిని "ఈయన చచ్చిపోయేడా లేదా?" అని అడిగేరంట.

"ఆయ్, రెండుసార్లండి" అన్నారంట మాస్టారు.

ఏడాది తిరక్కుండా సినిమా వచ్చింది. మన స్కూల్లో తెర కట్టేరు. ఈలోగా ఆపరేషనయిపోయింది, తాతయ్యకి సైగలే. నా పక్కనే కూచున్నారు. తెర మీద రాజు ఒక్కసారి పాడేడు, పడిపోయేడు. మరి లేవలేదు. రెండోది తీసి పారేసేరు. నాకు కడుపు మండిపోయింది.

మనోళ్ళు ఊరుకుంటారేంటి, అలవాటు కదా, తెరకేసి చూసి "వన్స్ మోర్" అన్నారు. సినిమా ఎక్కడ ఆగుద్దే, దాని దారిన అది పోతంది.

తాతయ్య లేచేరు. నేను చొక్కా పట్టుకు లాగేను, వినలేదు. తెర ముందుకెళ్ళి నిలబడి, చెయ్యెత్తి, పద్యం ఎత్తుకున్నారు. గొంతు లేదు, పెదాలే. మాస్టారు సినిమా మిషను ఆపేసేరు. పద్యం అయిందాకా ఒక్కళ్ళూ కదల్లేదు. అయిపోయేక చప్పట్లు కూడా కొట్టలేదు. మళ్ళీ అడిగేరనుకుని పాడేస్తారేమోనని భయం.

హూఁ... ఏడవకే పిచ్చిదానా. నువ్వు నూరేళ్ళు బతకాలి, అన్నేళ్ళూ నోరారా మాట్లాడాలి. ఏదీ, ఓసారి అమ్మమ్మా అను.